కార్టూన్ వేయడం: విశాఖలో కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కార్టూన్లు మొదలుపెట్టాలనుకునేవాళ్లు, మొదలుపెట్టి, పత్రికలకి పంపినవి నాలుగు తిరిగొచ్చాక ఎక్కడ తప్పిందో తెలియనివాళ్లు అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులున్నాయి. కొన్ని ఏ ఊరివాళ్లకైనా పనికొస్తాయి. ఉప్పుగాలి, ఉక్కపోత, ఉత్తరాంధ్ర మాట గురించి చెప్పినవి మాత్రం విశాఖవాళ్లకే.

బొమ్మ అంత బాగా రాదు. కార్టూన్లు వేయొచ్చా?

వేయొచ్చు. కాకపోతే మూడు విషయాల్లో చేయి తిరగాలి. మొదటిది భంగిమ. మనిషి కోపంగా ఉన్నాడో మొహమాటపడుతున్నాడో ముఖం గీయకముందే ఒళ్లు చెప్పేయాలి. రెండోది చేతులు. చేతులు గీయడం రానివాళ్లు ప్రతి పాత్రనీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబెడతారు, పది కార్టూన్లు వరసగా చూస్తే దొరికిపోతారు. వేళ్లు నాలుగే వేసినా ఎవరూ లెక్కపెట్టరు గానీ బొటనవేలు తప్పు వైపు పెడితే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. మూడోది చూపు. మాట్లాడేవాడి కనుపాప అర మిల్లీమీటరు పక్కకి జరిగిందా, అతను ఎదుటివాడితో కాక గోడతో మాట్లాడుతున్నట్టుంటుంది.

మామూలు మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. కార్టూన్ మనిషికి మూడు, నాలుగు చాలు. నవ్వు కోసం ఒక్కటే కాదు, అచ్చులో ఆ బొమ్మ ఆరేడు సెంటీమీటర్లకి మించి ఉండదు. తల పెద్దదైతే తప్ప అందులో కనుబొమ్మలు కనబడవు.

ఐడియా ఎక్కణ్ణించి వస్తుంది?

జనం అనేదానికీ చేసేదానికీ మధ్య సందులో దొరుకుతుంది. దాన్ని వెతకడానికి పద్ధతి ఉంది. నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండుగా విడగొట్టండి. ఎడమవైపు చెవిన పడ్డ మాటలు: "రేపట్నించి నడక మొదలెడతాను", "ఈసారి పెళ్లి సింపుల్‌గా చేసేస్తాం", "పిల్లాడికి ఫోన్ ఇవ్వం". కుడివైపు కంటితో చూసినవి: బీచ్ రోడ్డులో పొద్దున్న నడక అయ్యాక టిఫిన్ బండి చుట్టూ గుంపు, ఆటోలో డ్రైవరుకి అటొకరు ఇటొకరు, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు ఆగకముందే కిటికీలోంచి సీట్లో పడే జేబురుమాలు. ఇప్పుడు ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి గీతతో కలపండి. ఇరవై గీతలు గీస్తే రెండో మూడో పనికొస్తాయి. మిగతావి పోనివ్వండి, దాచుకోకండి. దాచుకున్న పాత ఐడియాలు కొత్తవాటికి అడ్డుపడతాయి.

ఒకదాన్ని దగ్గర్నుంచి చూద్దాం. ఎడమ నుంచి "నడక", కుడి నుంచి "టిఫిన్ బండి". మొదటి ప్రయత్నం దాదాపు అందరిదీ ఇలాగే ఉంటుంది:

భార్య: "డాక్టరు గారు రోజూ నాలుగు కిలోమీటర్లు నడవమన్నారు కదా, ఇక్కడ పూరీలు తింటున్నారేంటండీ?"
భర్త: "రెండు నడిచేశాను, తిరిగి ఇంటికెళ్లడానికి శక్తి కావాలి కదా!"

ఇందులో మాటలు మరీ ఎక్కువ. బొమ్మలో లేని డాక్టరు గురించి చెప్పాల్సొచ్చింది, బొమ్మలో కనిపిస్తున్న పూరీల గురించీ చెప్పారు. ఇద్దరు మాట్లాడుతున్నారు గనక రెండు చోట్ల ఆగాలి. పైగా నవ్వు పుట్టాల్సిన మాట మధ్యలో ఉండిపోయింది.

రెండో ప్రయత్నంలో భార్యని తీసేద్దాం. ప్లేటు చేత్తో పట్టుకుని భర్తే అంటాడు: "నడిస్తే ఇంత ఆకలేస్తుందని డాక్టరు చెప్పలేదు!" కొంచెం నయం. కానీ తను జోకు వేస్తున్నట్టు అతనికి తెలుసు. తెలిసి జోకేసే పాత్రని చూసి పాఠకుడు మర్యాదకి చిరునవ్వు నవ్వుతాడు, అంతే.

మూడోసారి మాటని బండివాడికి ఇద్దాం: "రేపట్నించి ఇంకో రెండు కిలోమీటర్లు పెంచుతారేటి బాబూ? పిండి ఎక్కువ కలపాలి." అతను వ్యాపారం లెక్క చూసుకుంటున్నాడు, వెటకారం ఏమీ లేదు. అందుకే పేలుతుంది. స్పోర్ట్స్ బూట్లు, చెమటకి ఒంటికి అతుక్కున్న టీషర్టు, మణికట్టుకి అడుగులు లెక్కపెట్టే వాచీ, ప్లేటులో నాలుగు పూరీలు — ఇవన్నీ బొమ్మే చెప్పేసింది గనక మాటలో పూరీ అన్న పదమే లేదు. పిండి చివర్న వచ్చింది. తినేవాణ్ణి ఎడమవైపు, బండివాణ్ణి కుడివైపు పెట్టాలి. మనం ఎడమ నుంచి చదువుతాం, కన్ను ముందు ప్లేటు మీద ఆగి తర్వాత మాట దగ్గరికి వెళ్లాలి. ఇటుదటు చేస్తే అదే కార్టూన్ సగం చప్పబడుతుంది.

ఎవరి బొమ్మలు చూసి నేర్చుకోవాలి?

తెలుగులో మొదటి కార్టూనిస్టుగా చెప్పుకునేది తలిశెట్టి రామారావుని. పుట్టింది ఇప్పటి ఒడిశాలోని జయపురంలో, అంటే విశాఖ నుంచి కొండలెక్కితే వచ్చే ఊళ్లో. ఆయన కార్టూన్లు భారతి పత్రికలో వచ్చాయి. మే 20న, ఆయన పుట్టినరోజున, తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం జరుపుకుంటారు. తర్వాత బాపు. ఆయన బొమ్మలో గీత ఎక్కడ ఆగిపోయిందో చూడండి. చీర కుచ్చిళ్లు నాలుగు గీతల్లో తేలిపోతాయి, పాదాలు ఒక్కోసారి ఉండనే ఉండవు, అయినా మనిషి నేల మీద నిలబడే ఉంటుంది. ఆర్.కె. లక్ష్మణ్ దగ్గర నేర్చుకోవాల్సింది గుంపు: పదిమంది ఉన్న బొమ్మలో కూడా మాట్లాడేవాడెవడో వెతుక్కోనక్కర్లేదు. ఆయన కాకుల్ని కూడా వదలకండి, నల్లరంగుని ఎక్కడ దట్టంగా పోయాలో వాటిని చూస్తే తెలుస్తుంది. పాకెట్ కార్టూన్ (పేపర్లో చిన్న గడిలో వచ్చే కార్టూన్) కోసమైతే ఈనాడులో ఏళ్ల తరబడి వచ్చిన శ్రీధర్ కార్టూన్లు తిరగేయండి. ఆ పత్రిక 1974 ఆగస్టు 10న మొదలైంది విశాఖలోనే.

ఎవరి కార్టూనైనా మక్కికి మక్కి దించేస్తే చేయి కదలడం అలవాటవుతుంది గానీ బుర్ర కదలదు. దానికన్నా ఇలా చేయండి. ఒక కార్టూన్ తీసుకుని ముఖంలో ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టండి. బొమ్మ మొత్తంలో నలుపు ఎంత భాగం, ఎక్కడుంది అని చూడండి. తర్వాత మాటని వేలితో మూసి, బొమ్మ ఒక్కటే ఏం చెబుతోందో రాయండి. బొమ్మని మూసి, మాట ఒక్కటే ఏం చెబుతోందో రాయండి. రెండూ ఒకటే అయితే అది బలహీనమైన కార్టూన్, ఎంత పెద్దాయన వేసిందైనా సరే.

కార్టూన్లు చూసి మాత్రమే కార్టూన్లు నేర్చుకుంటే చేతికి అరువు గీతే వస్తుంది. మన పక్కనే మంచి సరుకుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్కల ఆకారాలు చూడండి. తెర వెనక దీపం వెలుగులో దూరం నుంచి కనబడాలి కాబట్టి పొట్ట, ముక్కు, జుట్టుముడి అన్నీ అంచుల్లోనే చెప్పేస్తారు. మీ పాత్రని నల్లగా నింపేసినా ఎవరో గుర్తుపట్టగలగాలి అన్న పరీక్ష అక్కణ్ణించి తెచ్చుకున్నదే అనుకోండి. ఏటికొప్పాక లక్క బొమ్మలు లేతు మీద తిప్పి చేస్తారు, అందుకే అన్నీ గుండ్రాలు, స్తంభాలు. పోలీసు, పెళ్లికూతురు, ఏనుగు — ఏదైనా మూడు నాలుగు గుండ్రాల్లోకి కుదించేస్తారు. పాత్రని ఏ కోణం నుంచైనా మళ్లీ మళ్లీ గీయాలంటే కావలసింది సరిగ్గా ఆ కుదింపే. సవర గిరిజనుల గోడచిత్రాల్లో మనిషి ఒళ్లు రెండు త్రికోణాలు, అయినా నాట్యం చేస్తున్నాడో మోత మోస్తున్నాడో తెలిసిపోతుంది.

బయటికెళ్లి స్కెచ్‌లు వేయాలా? ఫోటోలు చూసి వేస్తే చాలదా?

ఫోటోలో మనిషి ఆగిపోయి ఉంటాడు. బయట ఉన్న మనిషి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుస్తుంటాడు, ఆ మార్పే కార్టూన్‌కి ప్రాణం. జేబులో పట్టే ఏ6 సైజు పుస్తకం, మామూలు బాల్‌పెన్ను చాలు. పెన్సిల్ వద్దు, రబ్బరు ఉంటే చెరుపుతూ కూర్చుంటారు. ఒక్కో మనిషికి 30 సెకన్లు. ముందు వెన్ను ఎటు వంగిందో ఒక గీత, తర్వాత భుజాలు, నడుము వాలు రెండు గీతలు, ఆ తర్వాతే తల. అతను కదిలిపోతే వదిలేసి పక్కవాణ్ణి మొదలుపెట్టండి. మొదటివాడు కాసేపటికి అదే భంగిమలోకి వస్తాడు, అప్పుడు పూర్తిచేయొచ్చు.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరులో వేలంపాట, పొద్దున్నే పూర్ణామార్కెట్లో బస్తాలు మోసేవాళ్లు, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చరు కలిపేవాళ్ల చేతులు — పనిచేసే ఒంటిని చూడ్డానికి ఇంతకన్నా మంచి చోట్లు ఊళ్లో తక్కువ. నేవీ, పోర్టు ప్రాంతాల్లో నిషేధం బోర్డున్న చోట మాత్రం ఫోటోలూ స్కెచ్‌లూ రెండూ మానుకోండి.

బీచ్ బొమ్మ వేస్తే మనుషులు గాల్లో తేలుతున్నట్టు ఎందుకుంటారు?

విశాఖ కార్టూన్లలో ఎక్కువగా కనబడే తప్పు ఇదే. సముద్రం ఆకాశాన్ని తాకే గీత ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తులోనే ఉంటుంది. మీరు ఇసుకలో నిలబడి చూస్తున్నారనుకోండి. మీ ఎత్తే ఉన్న మనుషులు పదడుగుల దూరంలో ఉన్నా, వందడుగుల దూరంలో ఉన్నా, ఆ గీత అందరి కళ్ల మీదుగానే పోవాలి. దూరంగా ఉన్నవాడి పాదాలు పైకి జరుగుతాయి, తల మాత్రం ఆ గీత దగ్గరే ఉంటుంది. చాలామంది గీతని కాగితం మధ్యలో గీసేసి, దూరపు మనుషుల్ని చిన్నగా వేసి గీతకి కిందెక్కడో పెడతారు. అప్పుడు వాళ్లు మరుగుజ్జులైనా అవుతారు, ఇసుక గుంటలోకైనా దిగిపోతారు. తలలు గీతకి పైకి పోతే గాల్లో తేలతారు.

మీరు ఇసుకలో కూర్చుని చూస్తే గీత నిలబడ్డవాళ్ల నడుం దగ్గరికి దిగుతుంది. బీచ్ రోడ్డు గట్టు మీద నిలబడి చూస్తే ఇసుకలో ఉన్నవాళ్ల తలల పైకి పోతుంది. ఒకే బొమ్మలో రెండూ కలపకండి. అలలకి రెండు మూడు వంకర గీతలు చాలు, పైకి పోయేకొద్దీ దగ్గరదగ్గరగా వేయాలి.

బొమ్మ చూడగానే ఇది విశాఖ అని తెలియాలంటే?

డాల్ఫిన్స్ నోస్ కొండ ముక్కు, ఇసుక మీద కురుసుర సబ్‌మెరైన్, ఎత్తుపల్లాల రోడ్లు, ఇళ్ల వెనక కొండ. వీటిలో ఒక్కటి చాలు, వెనక సన్నగీతతో. నాలుగూ వేస్తే టూరిజం పోస్టరవుతుంది.

మాటలు ఉత్తరాంధ్ర యాసలో రాయొచ్చా?

రాయొచ్చు, రాయాలి కూడా. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన నేల ఇది. కానీ మోతాదు ముఖ్యం. ఒక మాటలో యాస గుర్తు ఒకటి, మహా అయితే రెండు. "ఏటి", "బేగి", "గుంటడు", "వచ్చీసినాడు" — ఇలాంటివి వాక్యానికొకటి పడితే చెవికి ఇంపుగా ఉంటుంది. ప్రతి పదాన్నీ విరిచి రాస్తే కడప పాఠకుడు చదవడం మానేసి పద్యానికి టీకా వెతుకుతున్నట్టు ఆగిపోతాడు. జోకు అక్కడే చచ్చింది.

ఇంకో మాట, ఇది కొంచెం ఘాటుగానే చెప్పాలి. యాసని పనిమనిషికీ, చేపలమ్మే ఆవిడకీ, రిక్షావాడికీ మాత్రమే ఇచ్చి, ఆఫీసరుకి పుస్తకాల భాష రాయడం బద్ధకం. సీతమ్మధారలో ఆఫీసరు కూడా ఇంట్లో "ఏటైంది" అనే అంటాడు. ఎవరి నోట ఏ మాట వస్తుందో విని రాయండి. వరసలూ అంతే. ఇక్కడ అక్కని చాలా ఇళ్లలో "అప్ప" అంటారు. ఆ ఒక్క పిలుపుతో ఊరు తెలిసిపోతుంది, వెనక కొండ గీయనక్కర్లేదు.

మాట పొడవు 12 పదాలు దాటకుండా చూడండి. దాటితే బొమ్మ చేయాల్సిన పని మాట చేస్తోందన్నమాట.

ఏ కాగితం, ఏ పెన్నులు కొనాలి?

మొదటి మూడు నెలలూ ఖరీదైనవేవీ వద్దు. రఫ్‌కి 75 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) జిరాక్స్ కాగితం, హెచ్‌బీ పెన్సిల్. ఫెయిర్‌కి 130 నుంచి 150 జీఎస్ఎం కాట్రిడ్జ్ కాగితం, నున్నటి వైపు. నీరు తట్టుకునే పిగ్మెంట్ ఇంకు పెన్నులు మూడు: 0.3, 0.5, 0.8. బయటి గీతకి 0.8, లోపలి వివరాలకి 0.5, ముఖంలో ముడతలకీ చొక్కా చారలకీ 0.3. అన్నిటికీ ఒకటే పెన్ను వాడితే బొమ్మ తీగతో చేసినట్టు బిర్రుగా ఉంటుంది.

చేయి కుదిరాక ముంచి రాసే పాళీకి, బ్రష్షుకి మారండి. పాళీని నొక్కితే లావు, వదిలితే సన్నం — ఒకే గీతలో రెండూ వస్తాయి. కొత్త పాళీ మీద తుప్పు పట్టకుండా నూనెపూత ఉంటుంది. దాన్ని తీయకపోతే ఇంకు నిలవదు, బొట్టుగా జారిపోతుంది. సబ్బునీళ్లతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి వాడండి. బ్రష్షు గుండ్రటిది, 2వ నంబరు. తడిపితే మొన సూదిలా రావాలి. ఇండియన్ ఇంకుని ఫౌంటెన్ పెన్నులో మాత్రం ఎప్పుడూ పోయకండి. అందులో ఉండే లక్కలాంటి బంక ఎండి నాళం మూసుకుపోతుంది, ఆ పెన్ను మళ్లీ రాయదు.

ఇంకు వేర్లు పారినట్టు పాకుతోంది. పెన్ను తప్పా, కాగితం తప్పా?

చాలావరకు గాలిలో తేమ తప్పు. కాగితం తయారీలో ఇంకు పీల్చకుండా జిగురు లాంటి పదార్థం కలుపుతారు. చవక కాగితంలో అది తక్కువ. పైగా విశాఖ గాలికి కాగితం రోజుల తరబడి తేమ పీల్చి మెత్తబడుతుంది. అప్పుడు ఇంకు పీచుల వెంట పక్కకి పాకుతుంది. పరీక్ష సులువు. కొత్త కట్టలోంచి ఒక కాగితం తీసి, బల్ల మీద వారం ఉన్న కాగితం పక్కన పెట్టి, అదే పెన్నుతో రెండింటి మీదా గీయండి. కొత్తది బాగుండి పాతది పాకితే తేమే కారణం. రెండూ పాకితే కాగితం మార్చాలి.

కట్ట విప్పగానే మిగతా కాగితాల్ని జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో, రెండు సిలికాజెల్ పొట్లాలతో దాచండి. వానాకాలంలో, తుపాను రోజుల్లో గీయబోయే కాగితాన్ని ఫ్యాను కింద పావుగంట ఆరనివ్వండి.

ఒక్కోసారి దీనికి పూర్తిగా తిరగబడి, గీత మధ్యలో ఇంకు అంటకుండా తెల్లటి మచ్చలు వస్తాయి. అది అరచేతి చెమట, జిడ్డు. చేతి కింద ఎప్పుడూ ఒక రద్దుకాగితం ఉండాలి. పెన్సిల్ గీతలు చెరిపే తొందరలో బొమ్మ పాడుచేసుకునేవాళ్లూ ఎక్కువే. పిగ్మెంట్ పెన్ను గీతకి ఐదు నిమిషాలు, బ్రష్షుతో నింపిన నలుపుకి కనీసం అరగంట. ఉక్కగా ఉన్న రోజు గంట ఆగినా నష్టం లేదు. చేయి వెనకభాగం నలుపు మీద ఆనిస్తే చల్లగా తగిలిందా, ఇంకా ఆరలేదు.

పాళీలకి ఉప్పుగాలి పెద్ద శత్రువు. పని అవగానే కడిగి, తుడిచి, కుట్టుమిషను నూనె చుక్క రాసి డబ్బాలో పెట్టండి. మర్నాటికి వదిలేస్తే మొన దగ్గర తుప్పు పడుతుంది.

ఎంత సైజులో గీయాలి?

అచ్చయ్యే సైజుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. అచ్చులో 8 సెంటీమీటర్ల వెడల్పు అయితే కాగితం మీద 16. తగ్గించినప్పుడు చేతివణుకు కూడా తగ్గుతుంది. కానీ గీత లావు, గీతల మధ్య ఖాళీ కూడా సగమే అవుతాయని మర్చిపోకూడదు. 0.8 మిల్లీమీటర్ల గీత 0.4 అవుతుంది, బాగుంటుంది. 0.1 గీత 0.05 అవుతుంది. న్యూస్‌ప్రింట్ మీద అది మాయమైపోతుంది, లేదంటే అక్కడక్కడా తెగుతుంది. నీడకి వేసే అడ్డగీతల మధ్య కనీసం ఒక మిల్లీమీటరు ఖాళీ వదలండి, లేకపోతే ఇంకు అలుక్కుని నల్లముద్దవుతుంది. నాలుగు రెట్లు పెద్దగా గీసి తగ్గిస్తే ఇంకా బాగుంటుందనుకుంటారు గానీ, అప్పుడు వివరాలు ఎక్కువ పెట్టేస్తారు, అన్నీ చీమలై కూర్చుంటాయి.

ఫోన్లో ఫోటో తీసి, తపాలా బిళ్ల అంత చేసి చూడండి. ముఖంలో భావం కనబడుతోందా? అంతే పరీక్ష.

తెలుగు అక్షరాలు మాటల బుడగలో పట్టడం లేదు. ఏం చేయాలి?

బుడగ ముందు గీయడమే తప్పు. ముందు మాటలు రాయాలి, తర్వాత వాటి చుట్టూ బుడగ, ఆ తర్వాత మిగిలిన చోట మనుషులు. తెలుగుకి పైన గుడి, ఏత్వం, కింద వత్తులు. "రాష్ట్ర" లాంటి మాట వస్తే కింద రెండు అంతస్తులు కావాలి. అందుకని అక్షరం ఎత్తు 5 మిల్లీమీటర్లయితే, ఒక వరస గీత నుంచి తర్వాత వరస గీతకి కనీసం 11 లేదా 12 ఉండాలి. రెట్టింపు సైజులో ఇలా రాస్తే అచ్చులో అక్షరం రెండున్నర మిల్లీమీటర్లొస్తుంది, కళ్లజోడు లేకుండా చదవొచ్చు.

పొడుగు పదం వరస చివర పట్టకపోతే విరగ్గొట్టకండి, పదం మార్చండి. "వెళ్లిపోతున్నారేమిటి" బదులు "వెళ్తున్నారా" అంటే పోయేదేమీ లేదు. బుడగ అంచుకీ అక్షరాలకీ మధ్య ఒక అక్షరం ఎత్తు ఖాళీ ఉండాలి. తోక నోటి వైపు చూపాలి గానీ నోటికి తగలకూడదు.

చేతిరాత బాగోకపోతే ఫాంటు వాడొచ్చు. బాపు చేతిరాతే ఫాంటుగా దొరుకుతోంది, అందరూ అదే వాడేస్తున్నారు కూడా. గిడుగు, మల్లన్న, రవిప్రకాష్, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం, అచ్చుకీ వాడుకోవచ్చు. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కన పడితే ఫాంటు తప్పు కాదు. పాత వెర్షన్లలో అయితే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుని, ప్రోగ్రాం మూసి తెరిస్తే కుదురుతుంది. అను ఫాంట్లలో టైపు చేసిన మాట ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చిగీతలుగా కనబడుతుంది. పంపేముందు దాన్ని బొమ్మగా మార్చేయండి.

నాయకుల క్యారికేచర్ (ముఖంలో ప్రత్యేకతని పెంచి గీసే బొమ్మ) వేస్తే పోలిక రావడం లేదు.

ముక్కు పెద్దది చేసేస్తే క్యారికేచర్ అయిపోదు. ముందు మామూలు ముఖం కొలతలు మనసులో ఉండాలి: కళ్లు తల ఎత్తుకి సరిగ్గా సగంలో, రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత దూరం. ఈ మనిషిలో ఏది ఆ లెక్క తప్పిందో రెండే రెండు పట్టుకోండి. వాటిని పెంచినప్పుడు ఇంకేదో తగ్గాలి. గడ్డం పెంచితే నుదురు కుదించాలి. అన్నీ పెంచితే పోలిక పోతుంది. ఒకే ఫోటో చూడకండి, నవ్వుతున్నదీ పక్కకి తిరిగిందీ మాట్లాడుతున్నదీ కనీసం ఐదు చూడండి. చాలామంది పోలిక ముఖంలో కన్నా మెడ భుజాల్లోకి దిగే తీరులో ఉంటుంది. వెనకనుంచి వేసినా గుర్తుపడితే పట్టుబడినట్టే. ఒంటిరంగునీ అవిటితనాన్నీ హాస్యానికి వాడుకోవడం చేతకానితనం. మనిషి చేసిన పని మీద వేయండి.

స్కాన్ చేస్తే బూడిదరంగుగా వస్తోంది. పత్రికకి ఎలా పంపాలి?

నలుపు తెలుపు గీతబొమ్మని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) గ్రేస్కేల్‌గా స్కాన్ చేయండి. తర్వాత ఫోటోషాప్ లాంటి ప్రోగ్రాంలో లెవెల్స్ అనే అమరిక తెరిచి తెలుపు చివరని కొంచెం లోపలికి జరిపితే కాగితం మరకలు పోతాయి. నలుపు చివరని మరీ లాగితే సన్నగీతలు లావై అంచులు రంపంలా అవుతాయి, గీత అంచుని దగ్గరగా చూస్తూ జరపండి. ఫోన్ యాప్‌తో స్కాన్ చేసేటప్పుడు నీడ పడితే ఒక మూల నల్లబడుతుంది, కిటికీ పక్కన పగటివెలుతురులో తీయండి.

గీతబొమ్మని జేపెగ్‌గా పదేపదే సేవ్ చేస్తే గీతల చుట్టూ దుమ్ములాంటి చుక్కలు చేరతాయి. టిఫ్ గానీ పీఎన్‌జీ గానీ నయం. రంగుల కార్టూన్ 300 డీపీఐలో, అచ్చు సైజులో ఉండాలి. నల్లగీత నాలుగు రంగుల కలయికగా మారకుండా ఒక్క నల్లఇంకుతోనే ఉండేలా చూడండి. ప్రెస్సులో ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల చుట్టూ ఎరుపు, నీలం అంచులు కనబడేది అందుకే. 10 శాతం కన్నా లేత రంగులు న్యూస్‌ప్రింట్ మీద తేలవు. వాట్సాప్‌లో బొమ్మగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి.

టాబ్లెట్టు మీద గీసేవాళ్లకి క్రిటా (Krita) అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. వేళ్లతో పెద్దది చేసి చేసి గీయడం అలవాటైతే పైన చెప్పిన చీమల సమస్యే వస్తుంది. అచ్చు సైజుకి రెట్టింపు కన్నా పెద్దది చేయకూడదని నియమం పెట్టుకోండి.

హామీపత్రం ఎందుకు? కార్టూన్ హక్కు ఎవరిది?

ఇది నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, మరెక్కడా అచ్చు కాలేదు, పరిశీలనలో లేదు అని కార్టూన్‌తో పాటు పత్రికకి రాసిచ్చే నాలుగు వాక్యాలే హామీపత్రం. పేరు, చిరునామా, ఫోను, తేదీ, సంతకం ఉండాలి. సోషల్ మీడియాలో పెట్టేసినదాన్ని అచ్చు కాలేదని రాయకండి, చాలా పత్రికలు దాన్ని ప్రచురణ కిందే లెక్కేస్తాయి.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బయటినుంచి పంపిన కార్టూన్ హక్కు వేసినవాళ్లదే. అది వాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. హక్కు పూర్తిగా రాసివ్వాలంటే కాగితం మీద సంతకం ఉండాలి. అందులో కాలం రాయకపోతే ఐదేళ్లే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే ఇండియాకే. పత్రికలో ఉద్యోగం చేస్తూ వేసినవైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానిది, మిగతావి మీవి. పుస్తకం వేసుకునే రోజు ఈ తేడా అక్కరకొస్తుంది.

పరువునష్టం సంగతి కూడా అడుగుతారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, బొమ్మల ద్వారా చేసినా వర్తిస్తుంది. ప్రజాజీవితంలో ఉన్నవాళ్ల పని మీద మంచి ఉద్దేశంతో చేసే వ్యాఖ్యకి మినహాయింపు ఉంది. ఇంటివిషయాల మీద వేసి ఆ మినహాయింపు అడగలేరు.

పాత ఒరిజినల్స్ పసుపుపచ్చగా మారుతున్నాయి, ఎలా దాచాలి?

లామినేషన్ చేయించకండి. వేడికి కొన్ని ఇంకులు కరుగుతాయి, లోపల చిక్కిన తేమ బయటికి రాదు. సెల్లోటేపు కొన్నేళ్లకి గోధుమరంగు మచ్చలు మిగిల్చి ఊడిపోతుంది, ఆ మచ్చ పోదు. స్కెచ్‌పెన్నులతో వేసినవి గోడకి తగిలిస్తే ఎండకి వెలిసిపోతాయి. వాటిని ముందే స్కాన్ చేసి పెట్టుకోండి.

రెండు బొమ్మల మధ్య ఒక తెల్లకాగితం వేసి, పరిచిపెట్టి, గట్టి ఫైలులో, బీరువాలో పైఅరలో ఉంచండి. కిందఅర గోడచెమ్మకి దగ్గర. ఫైలుతో పాటు సిలికాజెల్ పొట్లాలు పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమతో నిండిపోయినట్టు. వంటకి వాడని పాత మూకుడులో సన్నసెగ మీద మళ్లీ నీలం వచ్చేదాకా వేయించి, చల్లార్చి తిరిగి వాడుకోవచ్చు. వానాకాలంలో నెలకోసారి ఫైలు తెరిచి చూడండి. వెండిరంగు పురుగులు కనబడితే కాగితాలన్నీ తీసి, నీడలో ఒక పూట గాలికి ఆరబెట్టి, అర తుడిచి, ఎండు వేపాకు పరిచి మళ్లీ సర్దండి.